బంతికీ ఉంది ఒక పోటు

రక్తపోటు 220 ఉందని చెబితే మనలో ఎవరికైనా ముచ్చెమటలు పోస్తాయి. వాలీబాల్‌కు మాత్రం అది నిండు ఆరోగ్యం. అంతర్జాతీయ నియమాల ప్రకారం వాలీబాల్ లోపలి గాలి పీడనం చదరపు సెంటీమీటరుకు 0.30 నుంచి 0.325 కిలోగ్రాముల వరకు ఉండాలి. దీన్నే మేము రోజూ రక్తపోటుకు వాడే పాదరసం మిల్లీమీటర్ల లెక్కలోకి మారిస్తే సుమారు 220 నుంచి 240 అవుతుంది. ఇక్కడి ప్రొఫెషనల్ ఆటగాళ్ళు వాడే బాస్కెట్‌బాల్ పోటు 390 నుంచి 440. సాకర్ బంతికి 440 నుంచి 810 దాకా అనుమతి ఉంది. అమెరికన్ ఫుట్‌బాల్ అయితే 645కూ 700కూ మధ్య ఉండి తీరాలి. మా బల్ల మీది పరికరం ముల్లు 300 దగ్గరే ఆగిపోతుంది కనుక, మా దగ్గరికి వచ్చి పోటు చూపించుకోగలిగిన బంతి వాలీబాల్ ఒక్కటే.

ఈ పోలిక సరదాగా కనిపించినా అసలు సంగతి ఇందులోనే ఉంది. మనిషి చేతికి పట్టీ చుట్టినా, బంతికి సూది గుచ్చినా, కొలిచేది ఒక్కటే: బయటి గాలి కంటే లోపలి పీడనం ఎంత ఎక్కువ ఉందని. 1896లో ఇటలీ డాక్టరు రివా-రోచి చేతికి చుట్టే పట్టీ పద్ధతి కనిపెట్టాడు. ఆ పట్టీలోని రబ్బరు సంచీని మేము బ్లాడరంటాం. వాలీబాల్ లోపలి సంచీని మన ఊళ్ళలో చిన్నపిల్లలు కూడా బ్లాడరనే అంటారు. గాలిని ఒక సంచీలో పట్టి ఉంచి దాని చేత పని చేయించుకోవడం రెండుచోట్లా ఒకటే.

మన సంఘంలో పెద్దలు వాలీబాల్ ఆడతారు. పిల్లలు శనివారం వస్తే సాకరుకు పోతారు. బంతిలో గాలి గురించి నాలుగు ముక్కలు తెలిసి ఉంటే కొన్ని తగవులూ, కొన్ని తలనొప్పులూ తప్పుతాయని ఈ వ్యాసం రాస్తున్నాం. తలనొప్పులన్న మాట డాక్టరుగానే వాడుతున్నాం.

గాలి లేని బంతిలో ఎంత గాలి?

చప్పబడిపోయిన బంతిని చేతిలోకి తీసుకుని "ఇందులో గాలి లేదు" అంటాం. గేజీ పెట్టి చూసినా సున్నా చూపిస్తుంది. నిజానికి అందులో గాలి లేకపోలేదు. బయట ఎంత పీడనంతో ఉందో లోపలా అంతే ఉంది. సముద్రమట్టం దగ్గర మన మీద ఉన్న వాతావరణం ప్రతి చదరపు అంగుళం మీదా 14.7 పౌన్ల బరువుతో నొక్కుతూ ఉంటుంది. సాకర్ బంతికి 12 పౌన్లు కొట్టామంటే లోపల ఉన్నది 12 కాదు, 14.7 తో కలిపి 26.7 అన్నమాట. ఈ మొత్తాన్ని అసలు పీడనమనీ, గేజీ చూపించేదాన్ని పైపీడనమనీ అనుకుందాం. లెక్కలన్నీ అసలు పీడనంతో చెయ్యాలి. చాలామంది తడబడేది సరిగ్గా ఇక్కడే.

ఇంతా చేసి ఆ గాలి బరువెంత? సాకర్ బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు. లెక్క కడితే లోపల అయిదున్నర లీటర్ల చోటు ఉంటుంది. లోపల బిగించిన గాలి మొత్తం తూచగలిగితే సుమారు 12 గ్రాములు. బంతి మొత్తం బరువు 410 నుంచి 450 గ్రాములు. అంటే నూటికి మూడు పాళ్ళు కూడా లేని గాలి తక్కిన తోలునూ రబ్బరునూ ఎగిరిస్తున్నది!

ఎలా ఎగిరిస్తుంది? బంతి నేలను తాకినప్పుడు అడుగుభాగం చదునవుతుంది. లోపలి గాలి కాస్త నలిగి, స్ప్రింగులాగా మళ్ళీ విచ్చుకుంటుంది. గాలి చాలా నమ్మకమైన స్ప్రింగు. తీసుకున్న శక్తిని దాదాపు అంతా తిరిగి ఇచ్చేస్తుంది. రబ్బరూ తోలూ అలా కావు. వంగిన ప్రతిసారీ కొంత శక్తిని వేడిగా మార్చి మింగేస్తాయి. గాలి నిండుగా ఉన్న బంతి కొద్దిగానే వంగుతుంది కనుక పైకి బాగా లేస్తుంది. గాలి తగ్గితే బంతి బాగా వంగుతుంది, తోలు పని ఎక్కువవుతుంది, బంతి చతికిలబడుతుంది. టెన్నిస్‌వాళ్ళు సాధారణ బంతికి ఈ పరీక్షే పెడతారు: 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలితే 135కూ 147కూ మధ్య లేవాలి. లేస్తే మంచిది, లేకపోతే పక్కన పెట్టడమే.

ఊపిరితో నింపిన రోజులు

రబ్బరు బ్లాడరు రాకముందు ఇంగ్లండులో బంతుల్లో పంది మూత్రాశయాన్ని వాడేవారు. బ్లాడరు అన్న పేరు అందుకే. దాన్ని నోటితో ఊదేవారు. రగ్బీ అనే ఊళ్ళో రిచర్డ్ లిండన్ అనే చెప్పులు కుట్టే ఆయన బడిపిల్లలకు బంతులు కూడా చేసి ఇచ్చేవాడు. ఊదే పని ఆయన భార్యది. జబ్బుపడ్డ పందుల మూత్రాశయాలను ఊదీ ఊదీ ఆమె ఊపిరితిత్తుల జబ్బుతో పోయిందని చెబుతారు. 1862 ప్రాంతంలో లిండన్ రబ్బరు బ్లాడరుకు మారాడు. అది నోటితో ఊదడానికి లొంగలేదు. అప్పుడాయన డాక్టర్లు చెవి కడగడానికి వాడే పిచికారీని చూసి, ఆ నమూనాలో ఇత్తడి పంపు తయారుచేశాడు. క్రీడారంగానికి మా వృత్తి చేసిన ఈ చిన్న సాయం మాకు భలే నచ్చింది.

నోటికి ఎందుకు లొంగలేదో లెక్క చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్న మగవాడు బలమంతా పెట్టి ఊదినా 75 నుంచి 150 మిల్లీమీటర్ల పాదరసం దాకానే పీడనం పుట్టించగలడు. నేటి సాకర్ బంతికి కావలసిన కనీస పోటు 440. ఎంత మొనగాడైనా అందులో మూడో వంతు దగ్గరే ఆగిపోతాడు.

బెలూను ఊదేటప్పుడు మొదటి ఊపిరే ఎందుకు కష్టమో కూడా ఇక్కడే చెప్పుకుందాం. గోడలోని బిగువు, లోపలి పీడనాన్ని వ్యాసార్థంతో గుణించినకొద్దీ పెరుగుతుందని ఫ్రాన్సు పండితుడు లాప్లాస్ సూత్రం. దాన్ని తిరగేస్తే, ఒకే బిగువు గల రెండు సంచుల్లో చిన్నదాన్ని తెరిచి ఉంచడానికే ఎక్కువ పీడనం కావాలి. మన ఊపిరితిత్తుల్లో కోట్లకొద్దీ బుల్లి బెలూన్లు ఉన్నాయి. ఈ సూత్రం ప్రకారం అవన్నీ ముడుచుకుపోవాలి. పోకుండా లోపల సబ్బులాంటి ఒక పూత కాపాడుతుంది. నెలలు నిండకుండా పుట్టిన పసికందుల్లో ఆ పూత చాలకనే ఊపిరి అందదని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జేర్ మీడ్ అనే వైద్యులు చూపించారు. ఇవాళ ఆ పూతను మందుగా గొంతులోకి పంపి పసిప్రాణాలు నిలబెడుతున్నారు. బంతికీ పసిగుడ్డుకూ సూత్రం ఒకటే.

చలిలో బంతి

ఇక అసలు కథలోకి వద్దాం. పోయిన అక్టోబరులో మన వనభోజనాల నాడు జరిగిన వాలీబాల్ తగవు పాఠకుల్లో చాలామందికి తెలిసిందే. పేర్లు అక్కరలేదు. ఒక జట్టువారు బంతి తెచ్చారు. రెండో ఆటకల్లా అది మెత్తబడింది. "ఓడిపోతామని గాలి తీశారు" అని అవతలి జట్టులో ఒక పెద్దమనిషి అన్నారు. రాత్రి అందరం భోజనాలకు హాల్లో చేరేసరికి అదే బంతి మళ్ళీ గట్టిగా ఉంది. "చూశారా, దొరికిపోతామని మళ్ళీ కొట్టుకొచ్చారు" అన్నారు. పదిహేనేళ్ళుగా ఒకరి పిల్లల్ని ఒకరు పెంచుకున్న రెండు కుటుంబాలవారు మొన్న దీపావళికి ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

ఈ తగవును ఒక కూడిక, ఒక గుణకారం తీర్చగలవు. మూసి ఉన్న సంచీలో గాలి పీడనం, దాని ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. ఫారన్‌హీట్ డిగ్రీలకు 460 కలిపితే అసలు ఉష్ణోగ్రత వస్తుంది. ఇంట్లో 72 డిగ్రీల దగ్గర బంతికి నియమం ప్రకారం 4.4 పౌన్లు కొట్టారనుకుందాం. అసలు పీడనం 14.7 కలిపితే 19.1. ఆనాడు పార్కులో 45 డిగ్రీల చలి. 72కు 460 కలిపితే 532. 45కు కలిపితే 505. కనుక 19.1ని 505తో గుణించి 532తో భాగించాలి. వచ్చేది 18.1. అందులోంచి బయటి గాలి 14.7 తీసేస్తే మిగిలిన పైపీడనం 3.4 పౌన్లు. ఎవరూ చెయ్యి వెయ్యకుండానే పోటులో నాలుగో వంతుకు దగ్గరగా తగ్గిపోయింది! ఒక్క గాలిపిసరు కూడా బయటికి పోలేదు. హాలు వెచ్చదనంలోకి వచ్చేసరికి మళ్ళీ 4.4 అయి కూర్చుంది. గాలి తీసి ఉంటే, పంపు పట్టకుండా తిరిగి గట్టిపడి ఉండేది కాదు. ఏ గట్టిదనాన్ని చూసి రెండో నేరం మోపారో, ఆ గట్టిదనమే మొదటి నేరం జరగలేదనడానికి సాక్ష్యం.

ఇదే తగవు ఈ దేశాన్ని రెండేళ్ళు ఊపేసింది కూడా. 2015 జనవరి 18న మసాచుసెట్స్‌లోని ఫాక్స్‌బరోలో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ జట్టు ఇండియానాపోలిస్ కోల్ట్స్‌ను 45-7తో ఓడించింది. నియమం ప్రకారం బంతిలో 12.5 నుంచి 13.5 పౌన్లు ఉండాలి. సగం ఆట విరామంలో కొలిస్తే పేట్రియట్స్ బంతులు పదకొండూ 12.5 కంటే తక్కువే చూపించాయి. పై లెక్కే వేసి చూడండి. లోపల 71 డిగ్రీల దగ్గర 12.5 కొట్టిన బంతి, బయట 48 డిగ్రీలకు చల్లబడితే 11.3కు దిగుతుంది. తగ్గుదలలో కొంత భాగానికి చలే కారణమని విచారణ సంఘమూ ఒప్పుకుంది. అయితే అంతటికీ చలి చాలదని తీర్పు చెప్పింది. జట్టుకు పది లక్షల డాలర్ల జరిమానా పడింది. టామ్ బ్రేడీకి నాలుగు ఆటల నిషేధం పడి, కోర్టులు చుట్టి, చివరికి 2016లో అమలయింది. చలి ఒక్కటే చాలునని వాదిస్తూ కొందరు ఆచార్యులు కోర్టుకు రాసి ఇచ్చారు. కొలిచిన రెండు గేజీలు ఒకదానితో ఒకటి ఏకీభవించకపోవడం మరో విడ్డూరం. రక్తపోటు యంత్రాలతో మా పాట్లు తెలిసినవారికి ఇది వింతగా తోచదు.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. అమెరికన్ ఫుట్‌బాల్ 12.5లో 1.2 పోగొట్టుకుంది. అంటే పదో వంతు. మన వాలీబాల్ 4.4లో ఒక పౌను దాకా పోగొట్టుకుంది. కొట్టిన గాలి ఎంత తక్కువైతే చలికి అంత ఎక్కువగా లొంగుతుందన్నమాట. కాబట్టి చలికాలంలో బంతిని ఆట స్థలానికి తీసుకుపోయి, అరగంట చల్లబడనిచ్చి, అక్కడే కొలిచి గాలి కొట్టాలి. ఆ బంతిని మళ్ళీ వెచ్చటి గదిలోకి తెస్తే పోటు పెరుగుతుంది, కొంచెం తియ్యాలి.

కొండ మీద, విమానంలో

బయటి గాలి తగ్గినా పోటు మారుతుంది. మెక్సికో నగరం 2,240 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి వాతావరణ పీడనం సముద్రమట్టంలో ఉన్నదానికి సుమారు మూడు పాతిక వంతులు. సముద్రపు ఒడ్డున 12 పౌన్లు కొట్టిన బంతిని అక్కడికి తీసుకుపోతే, లోపల ఏమీ మారకపోయినా గేజీ 15 దాటి చూపిస్తుంది. అందుకే ఎత్తు ప్రదేశాలకు వేరే టెన్నిస్ బంతులు తయారుచేస్తారు.

ఇండియా వెళ్ళేటప్పుడు మేనల్లుడికి బాస్కెట్‌బాల్ పట్టుకుపోయేవారికి ఒక మాట. విమానంలో సామాను అరలో కూడా గాలి పీడనం నిలబెట్టి ఉంచుతారు. బయటి ఆకాశమంత పలచగా ఉండదు. మహా అయితే బంతి పోటు నాలుగు పౌన్ల లోపే పెరుగుతుంది. మంచి బంతి పగలదు. అయినా గాలి తీసి మడిచి పెట్టడమే మేలు. మిగిలిన చోటులో రెండు చీరలు పడతాయి.

కారిపోయే గాలి

చిల్లు లేకపోయినా బంతి నెలల తరబడి అలాగే ఉండదు. రబ్బరు మన కంటికి గోడలాగా కనిపించినా గాలి అణువులకు అది జల్లెడే. సహజ రబ్బరు బ్లాడరైతే త్వరగానే దిగిపోతుంది; బ్యూటైల్ రబ్బరైతే నెలలు నిలుస్తుంది. ప్రాణవాయువు నత్రజని కంటే వేగంగా బయటపడుతుంది. నోటితో ఊదిన బెలూను తెల్లారేసరికి వాడిపోవడానికి మన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు కూడా కొంత కారణం. అది అన్నిటికంటే తొందరపాటు మనిషి. టెన్నిస్ బంతుల డబ్బాలో కూడా గాలి బిగించి ఉంచడంలోని కిటుకు ఇదే. బయటా లోపలా పీడనం సమానమైతే గాలి పోవడానికి దారి ఉండదు. డబ్బా తెరవగానే బుస్సుమంటుంది. ఆ క్షణం నుంచి బంతి ఆయుష్షు లెక్క మొదలు.

మనలో ఏభై దాటినవారికి మరో కారుడు గుర్తుండే ఉంటుంది. తోలు వాలీబాల్‌కు లేసు ఊడదీసి, బ్లాడరు మెడ బయటికి లాగి, సైకిలు షాపులో గాలి కొట్టించి, మెడ మడిచి దారంతో బిగించి, లోపలికి తోసి మళ్ళీ లేసు కట్టేవారు. గేజీ లేదు. షాపతను రెండు బొటనవేళ్ళతో నొక్కి, ఒకసారి నేలకు కొట్టి చప్పుడు విని "చాలు" అనేవాడు. ఆ చెవికి మా స్టెతస్కోపు సరితూగదు.

పిల్లల తలల సంగతి

తలనొప్పుల సంగతికి వద్దాం. సాకరులో పిల్లలు బంతిని తలతో కొడతారు. బంతి నుదుటిని తాకినప్పుడు చదునైన భాగం అడ్డంగా 10 సెంటీమీటర్లు ఉందనుకుందాం. అంటే సుమారు 78 చదరపు సెంటీమీటర్లు. పోటు 0.8 కిలోగ్రాములైతే ఆ క్షణంలో గాలి నెట్టే బలం 60 కిలోగ్రాముల పైమాట. ఇదంతా సెకనులో నూరో వంతులో జరిగిపోతుంది. పోటు తగ్గిస్తే బంతి ఎక్కువ చదునవుతుంది, తాకిడి కాస్త ఎక్కువసేపు సాగుతుంది, తలమీది అత్యధిక బలం తగ్గుతుంది. నియమం ఒప్పుకునే పై హద్దు 1.1 నుంచి కింది హద్దు 0.6కు దించితే ఆ బలం దాదాపు నాలుగో వంతు తగ్గాలని లెక్క చెబుతుంది. ఇండియానాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం ఇంజనీర్లు బంతి పోటు తగ్గించి, తడవకుండా చూస్తే సుమారు 20 శాతం తగ్గుతుందని ప్రయోగం చేసి చూపించారు.

వెనకటి తోలు బంతులు వానలో నీళ్ళు పీల్చి బరువెక్కేవి. ఇంగ్లండు ఆటగాడు జెఫ్ ఆసిల్ 2002లో 59వ ఏట మరణించినప్పుడు, ఏళ్ళ తరబడి తలతో బంతి కొట్టడం వల్ల మెదడుకు కలిగిన వృత్తిపరమైన వ్యాధి అని విచారణాధికారి నిర్ధారించాడు. అమెరికా సాకరు సంఘం 2015 నవంబరులో పదేళ్ళూ అంతకు లోపు పిల్లలు తలతో కొట్టకూడదని, 11 నుంచి 13 ఏళ్ళవారికి సాధనలో పరిమితి ఉండాలని ప్రకటించింది. ఇంగ్లండు కూడా 2020లో ప్రాథమిక పాఠశాల పిల్లల శిక్షణ నుంచి దీన్ని తీసేసింది. మెత్తటి బంతి ఉంటే ప్రమాదమే లేదని మేము అనడం లేదు. తలకు తలా, తలకు మోచెయ్యీ తగలడం వల్లే దెబ్బలు ఎక్కువ. కానీ బంతి పోటు మన చేతిలో ఉన్న విషయం. దెబ్బ తగిలాక పిల్లవాడు తికమకగా మాట్లాడినా, వాంతి చేసుకున్నా, మత్తుగా ఉన్నా ఆట ఆపించి వెంటనే డాక్టరుకు చూపించండి. "ఏం కాదులే" అని మళ్ళీ మైదానంలోకి పంపవద్దు.

చివరగా తల్లిదండ్రులకు మా చీటీ ఇది. ఎనిమిదేళ్ళ లోపువారికి 3వ నంబరు బంతి, ఎనిమిది నుంచి పన్నెండుకు 4వ నంబరు, ఆపైన 5. బంతి మీద అచ్చువేసిన పీడనం చదివి, పిల్లలకు కింది హద్దు దగ్గరే ఉంచండి. సూదిని తడిపి గుచ్చండి. పొడి సూది వాల్వును చీలుస్తుంది. ఉమ్ముతో మాత్రం తడపవద్దు, నీళ్ళు చాలు. గేజీ పెట్టిన ప్రతిసారీ కాస్త గాలి పోతుంది కనుక అస్తమానం కొలవకండి. నీళ్ళు పీల్చిన పాత బంతిని పారెయ్యండి.

సంఘం కార్యవర్గానికి ఒక మనవి. నాలుగు డాలర్లు పెట్టి ఒక గేజీ కొని వాలీబాల్ సంచీలో వెయ్యండి. వచ్చే వనభోజనాలకు ఆట మొదలు పెట్టేముందు ఇద్దరు కెప్టెన్లూ కలిసి ఆరుబయటే కొలవాలని రాసుకోండి. ఆ రెండు కుటుంబాలవారూ ఈ పత్రిక చదువుతారని మాకు తెలుసు. పై లెక్కను కాగితం మీద మళ్ళీ ఒకసారి వేసి చూడమని వారికి మా ప్రార్థన. సంక్రాంతి ఇంకా రాలేదు.